నిధులు ఒక్కదానికే సరిపోతే ఏ సైకిల్ మార్గాన్ని ముందు నిర్మించాలి?

సురక్షితమైన వీధుల మధ్య తెగిపోయిన చోటును కలిపి, జనం రోజూ వెళ్లే బడికో బజారుకో స్టేషనుకో చేర్చే మార్గాన్నే, అది ఎంత చిన్నదైనా, ముందు నిర్మించాలి. దారి పొడవునా ఎంత బాగున్నా, వాహనాలు దూసుకుపోయే ఒక్క కూడలిని దాటడం ప్రమాదకరమైతే పిల్లలను ఎవరూ సైకిలు మీద పంపరు కాబట్టి, మొత్తం ప్రయాణం జరిగేదీ ఆగేదీ ఆ ఒక్క చోటును బట్టే. ఉదాహరణకు, నది ఒడ్డున 5 కిలోమీటర్ల దారికీ, ఇళ్ల నుంచి పెద్ద రోడ్డు దాటించి బడికి చేర్చే అర కిలోమీటరు దారికీ పోటీ వస్తే, కిలోమీటరుకు ఖర్చు ఎక్కువైనా రెండోదే మేలు. అక్కడ ఇప్పుడు సైకిళ్లు కనబడవు కనుక అవసరమే లేదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. భయంతో తొక్కడం మానుకున్నవారు ఆ లెక్కలోకి రారు కాబట్టి, నడకనో బండి మీదనో అక్కడ సాగే దగ్గరి ప్రయాణాలన్నిటినీ లెక్కించాలి.