‘అపారమైన’ అంటే ఎంత?

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. రెండో పేజీలో ‘సముద్ర గర్భంలో అపారమైన పీడనం సబ్‌మెరైన్‌ను పైనుంచి అదిమేస్తుంది’ అని రాశావు. ఆ వాక్యం నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. అపారమైన అంటే ఎంతమ్మా? పైనుంచే ఎందుకు?

ఆర్కే బీచ్‌లో కురుసుర చూసొచ్చి రాశానన్నావు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన సబ్‌మెరైన్ అది. దాన్ని ఎదురుగా పెట్టుకుని లెక్క వెయ్యి. సముద్రపు నీటి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1,025 కిలోలు. 100 మీటర్ల లోతున నీటి పీడనం చదరపు సెంటీమీటరుకు దాదాపు 10 కిలోల బరువంత. అంటే నిలువు 10, అడ్డం 10 సెంటీమీటర్లున్న చిన్న రేకు ముక్క మీద ఒక టన్ను! ఈ టన్ను రాశాక ‘అపారమైన’తో పనేముంది?

ఆ టన్ను పక్కనుంచీ నొక్కుతుంది, కిందనుంచీ నొక్కుతుంది. కింద ఇంకాస్త ఎక్కువ, మీటరు లోతుకు చదరపు సెంటీమీటరుకు 100 గ్రాముల చొప్పున. వస్తువును నీరు పైకెత్తేది ఆ తేడాతోనే. నువ్వన్నట్టు పీడనం పైనుంచే నొక్కితే మన హార్బర్‌లో ఒక్క ఓడ కూడా తేలదు. పీడనాన్ని ఒక భాగంలో, తేలడాన్ని వేరే భాగంలో పెట్టావు. రెండూ కలిపెయ్యి.

విశేషణం కనిపించిన ప్రతిచోటా రచయిత ఒక అంకె ఎగ్గొట్టాడనే నా నమ్మకం. పోర్టులో నైట్ షిఫ్టు చేసే రోజుల్లో కుదిరిన నమ్మకమిది. ఇనుప ఖనిజం నింపుతుంటే ఓడ పక్కన రాసిన అంకెలు ఒక్కొక్కటే నీళ్ళలోకి దిగేవి. సర్వేయరు వాటిని చదివి, బకెట్‌తో నీళ్ళు తోడి సాంద్రత చూసి, ఎన్ని టన్నులు ఎక్కాయో చెప్పేసేవాడు. ఎక్కిన సరుకు ఎంతో, ఓడ అదనంగా తోసిన నీటి బరువూ అంతే. దాని మీద వ్యాసం రాసి, తిరుగు స్టాంపులు పెట్టి ఓ వారపత్రికకు పంపాను. అంకెలుంటే పాఠకులు పేజీ తిప్పేస్తారని సంపాదకుడు అన్నీ కొట్టేసి, ‘భయంకరమైన’, ‘ఊహకందని’ అని పెట్టి, కింద నా పేరు వేశాడు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. ఈ ఊళ్ళో చేపలమ్మే ఆవిడకు కిలో తెలుసు, పోర్టు కూలీకి టన్ను తెలుసు. అంకెలంటే భయం సంపాదకులకే.

ఫిషింగ్ హార్బర్‌లో పడవ మీంచి జారిన ఐసుగడ్డ పదింట తొమ్మిది వంతులు మునిగి తేలిందని రాసిన పేరా బాగుంది. దాన్ని ముట్టుకోకు. రెండో పేజీ మాత్రం మళ్ళీ రాసి పంపు. కలం పేరు సంగతి తర్వాత చూద్దాం.

ఇట్లు,
మీ మాస్టారు