ప్లాన్ వేసి ఆగిపోతే నేరమా?

ప్రశ్న: నేను క్రైమ్ కథలు రాస్తుంటాను. ఇప్పుడు రాస్తున్న కథలో ముగ్గురు స్నేహితులు ఒక నగల షాపును దోచుకోవాలని ప్లాన్ వేస్తారు. వాచ్‌మన్‌ను కట్టేయడానికి తాడు, షట్టర్ కోయడానికి గ్యాస్ కట్టర్ కొంటారు. ముందురోజు ఒకడు భయపడి తప్పుకుంటాడు. మిగతా ఇద్దరూ షాపుకు రెండు వీధుల అవతల కారులో ఉండగా పోలీసులకు దొరికిపోతారు. వీళ్ల మీద ఏ కేసు నిలుస్తుంది? తప్పుకున్నవాడు బయటపడతాడా?

జవాబు: మీ కథలో నాకు జాలి వేసింది ఆ తప్పుకున్నవాడి మీదే. ముందు కారులో ఉన్నవాళ్ల సంగతి చూద్దాం.

తాడు కొనడం, కారులో బయల్దేరడం సన్నాహం కిందికి వస్తాయి. సన్నాహానికి మామూలుగా శిక్ష లేదు. మనసు మార్చుకుని ఇంటికి వెళ్లిపోయే వీలు మనిషికి ఇంకా ఉంటుంది కదా! 1966లో పర్మిట్ లేకుండా పంజాబ్ నుంచి ఢిల్లీ వైపు వడ్లు తీసుకెళ్తున్న లారీని సమాల్ఖా దగ్గర ఆపారు. ఢిల్లీ సరిహద్దు ఇంకా 14 మైళ్లుంది. దారిలో ఎక్కడైనా లారీ వెనక్కి తిప్పుకోవచ్చు కాబట్టి ఇది ప్రయత్నం కాదని సుప్రీంకోర్టు డ్రైవర్ మల్కియత్ సింగ్‌నీ, క్లీనర్‌నీ వదిలేసింది. అదే కోర్టు 1980లో యాకూబ్ కేసులో, రాత్రిపూట సముద్రపు పాయ ఒడ్డుకు వెండి దిమ్మెలు చేర్చినవాళ్లది స్మగ్లింగ్ ప్రయత్నమేనంది. సరుకు పడవ ఎక్కలేదన్న వాదన చెల్లలేదు.

మీ కథకు బాగా దగ్గరగా ఉన్నది న్యూయార్క్‌లో 1927 నాటి రిజ్జో కేసు. జీతాల డబ్బు తెచ్చే మనిషిని దోచుకుందామని నలుగురు కారులో వెతుకుతూ తిరిగారు. ఇద్దరి దగ్గర తుపాకులున్నాయి. ఆ మనిషి కనబడనేలేదు, ఈలోగా పోలీసులు పట్టుకున్నారు. పోలీసుల పనితనాన్ని మెచ్చుకుంటూనే పైకోర్టు దోపిడీ ప్రయత్నం కేసు కొట్టేసింది.

కాబట్టి రెండు వీధుల అవతల ఆగిన కారు నా లెక్కలో సన్నాహమే. కట్టర్ షట్టర్‌కు తగిలిందా, ప్రయత్నం. ఈ రెంటికీ మధ్య ఎక్కడ పట్టుబడినా వకీళ్లకు చేతినిండా పనే.

ఒక్క జాగ్రత్త. ముఠాలో ఇంకో ఇద్దరిని కలిపి ఐదుగురిని చేశారనుకోండి, అది డెకాయిటీ, అంటే ముఠా దోపిడీ అవుతుంది. దానికి సన్నాహం చేయడమే నేరం, 10 ఏళ్ల దాకా కఠిన శిక్ష. పాత్రలు పెంచేముందు ఆలోచించుకోండి!

ఇక కుట్ర. భారతీయ న్యాయ సంహిత 61వ సెక్షన్, మనకు అలవాటైన పాత ఐపీసీ 120-బి. దోచుకుందామని ముగ్గురూ ‘సరే’ అనుకున్నప్పుడే ఈ నేరం పూర్తయింది, తాడు కొనకపోయినా సరే. అమెరికాలో మామూలు ఫెడరల్ కుట్ర కేసుకు ఎవరో ఒకరు ఒక్క అడుగైనా ముందుకు వేసి ఉండాలి. మన దగ్గర నేరం చేయాలన్న ఒప్పందానికి అదీ అక్కర్లేదు. అందుకే మీవాడు మర్నాడు భయపడి తప్పుకున్నా అప్పటికే ఆలస్యమైపోయింది. ఒంటరిగా ప్లాన్ వేసుకున్నవాడు వెనక్కి తిరిగితే ఏ కేసూ ఉండదు, నలుగురితో కలిసి వేసినవాడు తిరిగినా ఉంటుంది. ఇది నాకు సబబుగా అనిపించదు. అసలు నేరానికి సాక్ష్యం చాలనప్పుడు కుట్ర సెక్షన్ తగిలించే అలవాటు కూడా నాకు నచ్చదు.

అయితే ఆ గదిలో మీవాడు ఏమన్నాడు? ‘నేనూ వస్తా’ అన్నాడా, ఊరికే వింటూ కూర్చున్నాడా? తెలిసి ఊరుకున్నంత మాత్రాన కుట్రలో చేరినట్టు కాదు. ఆ డైలాగ్ మీరు జాగ్రత్తగా రాయాలి. ‘వస్తా’ అనిపించాలనుకుంటే, అతన్ని అప్రూవర్‌గా మార్చే దారి ఒకటుంది. ఉన్నదంతా దాచకుండా చెబితే కోర్టు క్షమాభిక్ష ఇవ్వొచ్చు. మిగతా ఇద్దరి ముఖాలు చూస్తూ సాక్ష్యం చెప్పే ఆ సీనే మీకు మంచి క్లైమాక్స్.

ప్రశ్న: ఖాళీ జేబులో చెయ్యి పెట్టినవాడు కూడా దొంగేనా?

జవాబు: దొంగతనానికి ప్రయత్నించినవాడు. న్యాయ సంహితలో ప్రయత్నాల గురించిన 62వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఈ ఖాళీ జేబు కూడా ఉంది. శిక్ష అసలు నేరానికి గరిష్ఠంగా పడేదాంట్లో సగం దాకా, అంటే మామూలు దొంగతనమైతే ఏడాదిన్నర వరకు. ఇంగ్లండ్‌లో మాత్రం అప్పట్లో పై కోర్టుగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ 1985లో ఇలాంటి ‘జరగడానికి వీల్లేని’ ప్రయత్నం నేరం కాదంది. ఏడాది తిరిగేసరికి శివపురి కేసులో తన మాట తనే వెనక్కి తీసుకుంది. నిందితుడు శివపురి మత్తుమందు అనుకుని దగ్గర పెట్టుకున్న పొడి, పరీక్షిస్తే హానిలేని ఆకుపొడి అని తేలింది. అయినా శిక్ష ఖాయమైంది.