పరిచర్యకు వెళ్లండి, అసలు మాత్రం కదపకండి

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. చిత్తూరులో హెడ్మాస్టరుగా ఈ మధ్యే రిటైరయ్యాను. పెన్షన్ 45 వేలు, చేతికొచ్చిన 25 లక్షలు, గ్రీమ్స్‌పేటలో ఇల్లు ఉన్నాయి. అప్పుల్లేవు. ఒడిశాలోని రాయగడ వైపు ఒక మిషన్ హాస్టల్లో రెండేళ్లు పిల్లలకు చదువు చెబుతూ పరిచర్య చేయాలని నాకూ నా భార్యకూ ఉంది. వాళ్ల భవనానికి 10 లక్షలు కానుకగా ఇద్దామనుకున్నాం. మా అమ్మాయి వద్దంటోంది.

జవాబు: మాస్టారూ, వెళ్లడానికి నేను అడ్డు చెప్పను. ఆ 10 లక్షల విషయంలో మాత్రం అమ్మాయి మాట వినండి. పూర్తి పెన్షన్ మీరున్నంత వరకే. ఆ తర్వాత అమ్మగారికి వచ్చే ఫ్యామిలీ పెన్షన్ బాగా తక్కువ. ఆ లోటు పూడ్చాల్సింది ఈ డబ్బే.

20 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయండి. 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకోసారి 41,000 వస్తుంది, రెండేళ్లకు 3,28,000. ఇల్లు గడవడానికి పెన్షన్ ఉంది కాబట్టి ఈ వడ్డీ అంతా హాస్టల్‌కే ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. అసలు మాత్రం ఏడాదిలోపు తీస్తే వడ్డీ ఏమీ రాదు.

మిగతా 5 లక్షలు ఇద్దరి పేరా బ్యాంకు ఎఫ్‌డీలో ఉంచండి. ఇది ఆస్పత్రి డబ్బు. చిత్తూరులో ఉంటే గంటలో వేలూరు సీఎంసీకి చేరతారు. ఆ హాస్టల్ నుంచి పెద్దాసుపత్రి ఎంత దూరమో కనుక్కున్నారా? ఇక్కడి హెల్త్ కార్డు అక్కడ చెల్లుతుందని ధీమాగా ఉండకండి, విడిగా పాలసీ తీసుకోండి. షుగర్, బీపీ ఉంటే ఫారంలో దాచొద్దు. ముందునుంచీ ఉన్న జబ్బులకు కంపెనీలు మూడేళ్ల వరకు వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా ఆ జబ్బుల ఖర్చు ఇవ్వరు. ఎఫ్‌డీ అందుకే.

బస, భోజనం, రైలు ఛార్జీలు, జబ్బు చేస్తే ఖర్చు ఎవరిదో మిషన్ వాళ్ల దగ్గర రాయించుకోండి. విశ్వాసంతో వెళ్తూ కాగితాలేమిటని మొహమాటపడొద్దు. పద్ధతిగా నడిచే మిషన్ అడక్కుండానే రాసిస్తుంది. పనిచేయడానికి వచ్చేవాళ్లనే విరాళం కూడా గట్టిగా అడుగుతుంటే మాత్రం నేనైతే ఆలోచిస్తాను.

పెన్షన్‌కు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి ఇవ్వొచ్చు. బయల్దేరే ముందే అమ్మాయిని పక్కన పెట్టుకుని ఒకసారి నేర్చుకోండి. పెన్షన్ ఆగిపోతే సిగ్నల్ లేని చోటునుంచి ట్రెజరీకి ఫోన్లు చేయడం మహా టెన్షన్.

ఇల్లు అప్పుడే అద్దెకివ్వకండి. ముందు మూడు నెలలు ఉండి రండి. పదో తరగతి పరీక్షల ముందైతే ఆ పిల్లలకు మీ అవసరం ఎక్కువ, అమ్మగారి మోకాళ్లు ఆ ఊరికి తట్టుకుంటాయో లేదో కూడా తెలుస్తుంది.