థ్రాటిల్ బాడీ కడిగాక కూడా వ్యాన్ ఐడిల్‌లో ఆగిపోతోందా?

థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) కడిగినా కూడా, బండి ఆపి యాక్సిలరేటర్ వదలగానే ఇంజిన్ ఆగిపోతోందంటే ముందు అనుమానించాల్సింది ఐడిల్ ఎయిర్ కంట్రోల్ వాల్వ్‌నే. ఇది యాక్సిలరేటర్ నుంచి థ్రాటిల్‌కి కేబుల్ ఉండే పాత రకం బండి గురించి. అందులో కాలు తీశాక ఇంజిన్‌కి గాలి చాలావరకు ఆ వాల్వ్ ఉన్న పక్కదారి నుంచే వెళ్తుంది. అందరూ థ్రాటిల్ బాడీ మధ్యలో కనిపించే బిళ్ళ తళతళలాడేలా తుడిచి వదిలేస్తారు. మసి మాత్రం ఆ సన్నటి దారిలో అలాగే ఉండిపోతుంది.

1. ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి.

2. వాల్వ్ విప్పండి. దాని మొనను చేత్తో లాగొద్దు, నొక్కొద్దు. లోపలి మర పాడవుతుంది.

3. అది కూర్చునే రంధ్రంలో థ్రాటిల్ బాడీ క్లీనర్ కొట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్దండి. మొదట తారులా నల్లగా కారుతుంది. తేటగా వచ్చేదాకా ఆపొద్దు. మొనను గుడ్డతో తుడిస్తే చాలు, మోటారు వైపు స్ప్రే వద్దు.

4. వాల్వ్‌కి ఉండే ఓ-రింగ్ (రబ్బరు రింగు) గట్టిపడి ఉంటే మార్చేయండి. అక్కడ గాలి లీకైతే ఈసారి ఐడిల్ పైకి పోతుంది, ఇంకో తలనొప్పి.

5. అన్నీ బిగించి, ఏసీ, లైట్లు ఆపి స్టార్ట్ చేయండి. పూర్తిగా వేడెక్కేదాకా యాక్సిలరేటర్ ముట్టుకోకండి. ఇంజిన్ కంప్యూటర్ ఐడిల్‌ను మళ్లీ నేర్చుకోవాలి. కొన్ని మోడళ్లకి దీనికి వేరే పద్ధతి ఉంటుంది, సర్వీస్ మాన్యువల్ చూడండి.

థ్రాటిల్ స్టాప్ స్క్రూ (బిళ్ళ ఎంతవరకు మూసుకోవాలో ఆపే స్క్రూ) తిప్పి ఐడిల్ పెంచమని ఎవరైనా చెప్తే వినకండి.

అప్పటికీ ఆగిపోతుంటే వ్యాక్యూమ్ గొట్టాల్లో పగుళ్లు వెతకండి.