మేలో మొక్కలు కొనకు, మట్టి తవ్వు

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. అంత డబ్బు పోసి వేయించుకున్న లాన్ ఏడాది తిరక్కుండానే గోడ పక్కన బోడిగా అయిపోయింది, ఆ అరెకా పామ్‌ల ఆకులన్నీ మాడిపోయాయి. చూస్తే ప్రాణం ఉసూరుమంది. ఇంకో కాంట్రాక్టర్‌ని పిలవనా అని అడిగావు. వద్దమ్మా. నీ పెరడు నువ్వే చేసుకోగలవు. కాకపోతే ఆ తోట ఎందుకు పోయిందో ముందు తెలుసుకోవాలి. లేకపోతే నువ్వు నాటినవాటికీ అదే గతి పడుతుంది.

నీ చేతిలో లోపమేమీ లేదు. ఆ తోట అప్పగించే రోజున కంటికి నిండుగా కనిపించడానికి వేసింది. నర్సరీలో షేడ్ నెట్ కింద పెరిగిన అరెకాని తెచ్చి హైదరాబాద్ పడమటి ఎండలో పెడితే మాడక ఏం చేస్తుంది? లాన్‌కి రోజంతా ఎండ కావాలి, మీ కాంపౌండ్ గోడ నీడలో అది పలచబడి తీరుతుంది. చచ్చిపోయిన గులాబీ ఒకదాన్ని పీకి వేళ్లు చూడు. మన గోదావరి వైపు కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు చాలావరకు జిగురుమట్టి ముద్దతో వస్తాయి. ఆ ముద్ద ఎండితే రాయిలా బిగుసుకుపోతుంది, పైన ఎన్ని నీళ్లు పోసినా వేళ్లకి అందవు. నల్ల కవరు కూడా తీయకుండా పాతేసే వాళ్లున్నారు. ఆ తోట వేసిన కాంట్రాక్టర్ మెయింటెనెన్స్ ఇస్తానని కాగితం మీద రాసి ఉంటే ఒకసారి రాతపూర్వకంగా అడుగు. ఆ తర్వాత దాని గురించి టెన్షన్ పెట్టుకోకు.

ఇప్పుడు మే నెల. ఈ ఎండల్లో ఏ మొక్కా కొనకు. గడ్డపార, పార తీసుకుని పొద్దున్నే ఎండ ముదరకముందు ఒక్కచోట తవ్వు. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, అడుగు లోతు చాలు. వెడల్పు అంతకు మించితే మడిలో కాలు పెట్టకుండా మధ్యకి చెయ్యి అందదు. ఇల్లు కట్టాక మిగిలిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, ప్లాస్టరు పొడి పైనే నాలుగంగుళాల ఎర్రమట్టి పరిచి ఉంటారని నా అనుమానం. పిడికెడు మట్టి మీద కొంచెం వెనిగర్ పోసి చూడు, నురగ వస్తే సున్నం ఎక్కువుందన్నమాట. అలాంటి మట్టిలో మొక్కకి ఇనుము అందక లేత ఆకులు పసుపుబారిపోతాయి. ఆ చెత్తంతా ఏరెయ్యి. గుంటలో నీళ్లు నింపి చూడు, మర్నాటికీ ఇంకకపోతే నేల మీద మడి కట్టక తప్పదు, ఇటుకలు పేర్చి ఎత్తు చేసుకో.

మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు మూడో వంతు కలుపు. పచ్చి పేడ వెయ్యొద్దు, ఆ వేడికి వేళ్లు మాడతాయి, చెదలు కూడా పడతాయి. రెండు మూడు గుప్పెళ్ల వేపపిండి వేసి, పైన ఎండుటాకులు కప్పి, అప్పుడప్పుడు తడిపి వదిలెయ్యి. మృగశిర కార్తె వచ్చేసరికి మట్టి గుల్లబారుతుంది. ఈలోగా ఒక ఆదివారం పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఎండ ఎక్కడ పడుతోందో చూసి రాసిపెట్టుకో. కూరగాయలకి కనీసం ఆరు గంటల ఎండ కావాలి.

జూన్‌లో మంచి వాన ఒకటి పడ్డాక తోటకూర, గోంగూర, బెండ, ఒక్క బీర పాదు పెట్టు. మొదటి ఏడాదికి అంతకన్నా ఆశపడకు. తోటకూర గింజలు మరీ సన్నం, ఇసుకతో కలిపి చల్లితే ఒకేచోట పడవు. నెల తిరిగేలోగా కోతకొస్తుంది. నువ్వు పెంచిన ఆకుతో పప్పు వండుకున్న రోజున ఈ బాధ సగం తీరుతుంది, చూడు. బెండ గింజలు రాత్రి నానబెట్టి అడుగు దూరంలో పెట్టు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క అనామిక రకం దొరికితే తీసుకో, ఆకుల ఈనెలు పసుపుబారే పల్లాకు తెగులుని తట్టుకునేలా తయారుచేసిన రకం అది. కాపు మొదలయ్యాక రోజు విడిచి రోజు కొయ్యాలి, లేకపోతే ముదిరి పీచు కడుతుంది.

బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పిందె కట్టి పసుపుబారి రాలిపోతోందంటే చాలాసార్లు పుప్పొడి అందకపోవడమే కారణం. మగపువ్వు కోసి, దాని మధ్యభాగాన్ని కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకి చీకటి పడేలోగా అద్దు. తెల్లగా దూదిలా అంటుకునే పిండినల్లి పురుగు కనిపిస్తే కంగారుపడి దుకాణానికి పరిగెత్తకు. ముందు నీళ్లు గట్టిగా కొట్టు. తగ్గకపోతే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చెయ్యి. ఎండలో కొడితే ఆకు కాలుతుంది.

బతికున్న లాన్‌ని ఇప్పుడే పీకకు, పిల్లలు ఆడుకోనీ. మడి కుదిరాక ఏటా కొంచెం కొంచెంగా తీసేయొచ్చు.

వచ్చే వారం పెదనాన్న హైదరాబాద్ వస్తున్నారు. మన దొడ్లో బీర గింజలు, గోంగూర విత్తనాలు పొట్లం కట్టి ఆయనతో పంపిస్తాను. పందిరికి కర్రలు మాత్రం ఇప్పుడే చూసి ఉంచుకో, తీగ పాకడం మొదలుపెట్టాక పాతితే వేళ్లు తెగుతాయి.

మీ పెద్దమ్మ