మళ్లీ ఇన్‌స్టాల్ చేయకు, ముందు ఆ స్క్రీన్ చదువు

సింధూ,

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. పదకొండు దాటాక, గదిలో మిగతా ముగ్గురూ పడుకున్నారని హాస్టల్ మెట్ల మీద కూర్చుని, "పెద్దమ్మా, మూడోసారి కూడా బూట్ కాలేదు" అన్నావు. నీ విండోస్ లాప్‌టాప్‌లో, వర్చువల్‌బాక్స్ ప్రోగ్రామ్ నడిపే వర్చువల్ మెషీన్‌లో (అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్) ఎక్కిస్తున్న ఉబుంటు లినక్స్ గురించే ఆ మాట. ఆ గొంతు ఇంకా చెవిలోనే ఉంది. ఇలాంటివి ఫోన్‌లో చెబితే సగం చేజారిపోతాయి. అందుకే రాస్తున్నాను. లాప్‌టాప్ పక్కన పెట్టుకుని చదువు.

అన్నిటికంటే ముందు ఒక మాట. నాలుగోసారి ఇన్‌స్టాల్ చేయకు. మొదటిసారే ఉబుంటు సరిగ్గా ఎక్కి ఉంటుందని నా నమ్మకం. అది డిస్క్‌లో ఉంది, మెషీన్‌కి కనబడలేదు, అంతే. నువ్వు మళ్లీ ఇన్‌స్టాల్ చేసిన ప్రతిసారీ, ఎందుకు కనబడలేదో చెప్పే ఆధారాన్ని నీ చేతులతో నువ్వే తుడిచేస్తున్నావు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెబుతాను. 2009లో మాదాపూర్‌లో ఒక కంపెనీలో పనిచేసేదాన్ని. లెక్కలు నడిచే విండోస్ సర్వర్ ఒకటి వర్చువల్ మెషీన్‌గా ఉండేది. దాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చే పని నాకిచ్చారు. మార్చాను, ఆన్ చేశాను, నీలం స్క్రీన్ వచ్చింది. చివర్లో 7బీ అనే కోడ్. దాని అర్థం చూడలేదు. తెల్లారేసరికి నడవాలన్న కంగారులో అదే డిస్క్ మీద విండోస్ మళ్లీ ఎక్కించేశాను. పొద్దున మా సీనియర్ వచ్చి ఒక్కటే అడిగారు: "డిస్క్ కంట్రోలర్ ఏం పెట్టావమ్మా?" డిస్క్‌ని మెషీన్‌కి కలిపే ఆ కంట్రోలర్ పాతచోట ఐడీఈ రకం, నేను పెట్టింది స్కజీ రకం. బూట్ కావాల్సిన డిస్క్ విండోస్‌కి అందడం లేదని ఆ 7బీ నాకు చెబుతూనే ఉంది. కంట్రోలర్ మార్చి ఉంటే అయిదు నిమిషాల పని. ఆఖరి బ్యాకప్ తర్వాతి రెండు వారాల ఎంట్రీలు పోయాయి. నలుగురు మనుషులు బిల్లులు ముందేసుకుని వాటన్నిటినీ మళ్లీ కొట్టారు. వాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ రోజు నుంచి ఇన్‌స్టాల్ అనేది నాకు ఆఖరి పని.

మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే బండి మధ్యలో ఆగిపోతే ఏ స్టేషన్ దగ్గర ఆగిందని అడుగుతాం కదా. బూటింగ్ కూడా అంతే. మెషీన్ ఆన్ కావాలి. ఆన్ కాగానే మొట్టమొదట నడిచే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రామ్ డిస్క్‌ని వెతకాలి. డిస్క్‌లో ఉన్న గ్రబ్ అనే బూట్‌లోడర్, అంటే ఉబుంటుని లేపే ప్రోగ్రామ్, లేవాలి. గ్రబ్ ఉబుంటుకి గుండెకాయలాంటి కెర్నల్‌ని లేపాలి. కెర్నల్ అసలు ఫైల్ సిస్టమ్‌ని పట్టుకోవాలి. అప్పుడే లాగిన్ స్క్రీన్. ఎక్కడ ఆగిందో ఆఖరి స్క్రీన్ మీద రాసే ఉంటుంది. నువ్వు నాకు "నల్ల స్క్రీన్, ఏదో ఇంగ్లీషులో" అన్నావు. ఆ ఏదో అన్నదే అసలు సంగతి. రెండుసార్లు అడిగాక, "నో బూటబుల్ మీడియం ఫౌండ్" అని చదివావు. అంటే బూట్ చేయడానికి పనికొచ్చే డిస్క్ దొరకలేదని. నీ బండి రెండో స్టేషన్‌లో ఆగింది. గ్రబ్ దాకా కూడా రాలేదు. కాబట్టి ఉబుంటులో తప్పు వెతకనక్కర్లేదు. వర్చువల్‌బాక్స్ సెట్టింగ్స్‌లో వెతకాలి.

ముందుగా వీడీఐ ఫైల్ సైజు చూడు, నీ వర్చువల్ మెషీన్‌కి హార్డ్ డిస్క్ అదే. వర్చువల్‌బాక్స్ నీ మెషీన్ కోసం పెట్టుకున్న ఫోల్డర్‌లో ఉంటుంది. నువ్వు 25 జీబీ ఇచ్చానన్నావు కానీ, డిస్క్ డైనమిక్ అయితే రాసినంత మేరకే ఫైల్ పెరుగుతుంది. కొత్తగా చేసినప్పుడు రెండు ఎంబీ దగ్గర ఉంటుంది. ఇప్పుడు కొన్ని జీబీలు చూపిస్తే ఉబుంటు లోపలే ఉంది, ధైర్యంగా ఉండు. ఇంకా రెండు మూడు ఎంబీలే ఉంటే ఇన్‌స్టాలర్ ఆ డిస్క్ మీద ఏమీ రాయలేదని అర్థం. అప్పుడు కథ వేరు. నీ సీ డ్రైవ్‌లో ఖాళీ ఎంత ఉందో కూడా ఓ కన్నేసి ఉంచు.

తర్వాత స్టోరేజ్‌లోకి వెళ్లు. అక్కడ రెండు వరుసలు ఉండాలి. ఒకటి హార్డ్ డిస్క్ గుర్తుతో నీ వీడీఐ, ఇంకొకటి సీడీ గుర్తుతో ఐఎస్ఓ, అంటే ఉబుంటు ఇన్‌స్టాలర్ ఉన్న ఫైల్. ఇన్‌స్టాల్ అయ్యాక తీయాల్సింది సీడీని. కంగారులో వీడీఐని తీసేసిన పిల్లల్ని నేను చూశాను. తీసినంత మాత్రాన డేటా పోదు, మళ్లీ తగిలిస్తే చాలు. అసలు సీడీని తీయకుండా వదిలేస్తే ఏమవుతుందో తెలుసా? రీస్టార్ట్ అవగానే మళ్లీ ఇన్‌స్టాలరే వస్తుంది. ఇన్‌స్టాల్ కాలేదేమో అనుకుని మళ్లీ చేస్తారు. నీ రెండోసారి ఇలాగే జరిగిందని నా అనుమానం.

ఇప్పుడు అసలు విషయం. మాటల మధ్యలో నువ్వు ఒకటి అన్నావు: "ఎవరో చెప్పారని ఈఎఫ్ఐ టిక్ పెట్టాను పెద్దమ్మా, మళ్లీ ఇంకెవరో వద్దన్నారని తీసేశాను." ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. మెషీన్ డిస్క్‌ని వెతికే పద్ధతులు రెండున్నాయి. పాత బయోస్ పద్ధతిలో డిస్క్ మొట్టమొదటి సెక్టార్‌లో, 512 బైట్ల చోటులో, బూట్ కోడ్ ఉందా అని చూస్తుంది. ఈఎఫ్ఐ పద్ధతిలో ఆ చోటు వైపు చూడదు. ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉన్న చిన్న పార్టిషన్ ఒకటి వెతికి, అందులోని ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో బూట్ ఫైల్ కోసం చూస్తుంది. ఇన్‌స్టాలర్ తను ఏ పద్ధతిలో మొదలైందో చూసుకుని బూట్‌లోడర్‌ని దానికి తగ్గట్టు పెడుతుంది. టిక్ పెట్టి ఎక్కించి, తర్వాత టిక్ తీసేస్తే, తాళంచెవి పూజగదిలో పెట్టి వంటింట్లో వెతికినట్టే. ఉబుంటు చెక్కుచెదరకుండా ఉంటుంది, దాన్ని లేపేవాళ్లే ఉండరు.

చేయాల్సింది చిన్న పని. మెషీన్‌ని పూర్తిగా ఆఫ్ చెయ్యి. సెట్టింగ్స్, సిస్టమ్‌లో ఈఎఫ్ఐ టిక్ ఇప్పుడు ఎలా ఉందో పుస్తకంలో రాసుకో. దాన్ని మార్చి ఆన్ చేసి చూడు. ఈ టిక్ మార్చితే డిస్క్‌లో ఉన్నదేదీ చెరిగిపోదు, భయం లేదు. పసుపు అక్షరాలతో షెల్ అని వచ్చి ఆగితే ఆ స్క్రీన్ నాకు ఫొటో పంపు, అక్కడి నుంచి దారి నేను చెబుతాను. వర్చువల్‌బాక్స్ లాంటిదే మైక్రోసాఫ్ట్ వాళ్ల హైపర్‌వీ, అందులో అయితే ఈ ఎంపిక మెషీన్ తయారు చేసేటప్పుడే, జనరేషన్ 1, జనరేషన్ 2 అని అడుగుతుంది, తర్వాత మార్చనివ్వదు. జనరేషన్ 2లో లినక్స్ ఎక్కించేవాళ్లు నమ్మకమైన బూట్‌లోడర్‌నే లేపనిచ్చే సెక్యూర్ బూట్‌లో టెంప్లేట్‌ని విండోస్ నుంచి మైక్రోసాఫ్ట్ యూఈఎఫ్ఐ సర్టిఫికేట్ అథారిటీకి మార్చుకోవాలి. మీ క్లాసులో ఎవరైనా హైపర్‌వీ వాడుతుంటే వాళ్లకి ఈ మాట చెప్పు.

మిగతా స్టేషన్ల గురించి కూడా క్లుప్తంగా రాస్తాను, రేపెప్పుడైనా అవసరమవుతుంది. మెషీన్ అసలు ఆన్ కాకుండా ఎర్రర్ పెట్టె వస్తే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర చూడు. వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని లేకపోతే లాప్‌టాప్ బయోస్‌లో దాన్ని ఆన్ చేయాలి. ఇంటెల్‌లో వీటీ-ఎక్స్ అని, ఏఎండీలో ఎస్‌వీఎం అని ఉంటుంది. గ్రబ్ రెస్క్యూ అని వస్తే గ్రబ్ తన మిగతా ఫైళ్లని అందుకోలేకపోయిందన్నమాట. ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైవ్ ఐఎస్ఓతో లోపలికి వెళ్లి గ్రబ్‌ని ఒక్కదాన్నే మళ్లీ పెట్టొచ్చు, మొత్తం ఉబుంటుని కాదు.

కెర్నల్ అసలు ఫైల్ సిస్టమ్‌ని పట్టుకోలేక ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న ప్రాంప్ట్ దగ్గర ఆగితే రెండు కారణాల్లో ఒకటై ఉంటుంది. ఇన్‌స్టాల్ తర్వాత డిస్క్ కంట్రోలర్ మార్చి ఉంటావు, నా 2009 కథలాగా. లేదంటే లోపల మెషీన్ నడుస్తుండగానే లాప్‌టాప్ చార్జింగ్ అయిపోయి ఆగిపోయి ఉంటుంది. హాస్టల్లో రాత్రి కరెంటు పోతే ఇది మామూలే. రెండోదైతే ఏ పార్టిషన్ దెబ్బతిందో అదే స్క్రీన్ మీద పేరుతో సహా రాస్తుంది. ఆ పేరు ఇచ్చి, ఫైల్ సిస్టమ్‌ని సరిచేసే ఎఫ్ఎస్‌సీకే కమాండ్ నడిపిస్తే చాలాసార్లు లేస్తుంది.

బూట్ అయినట్టే అయి నల్లగా ఉండిపోతే అది తెర మీద బొమ్మ రాని సమస్య. వీడియో మెమరీ 128 ఎంబీ చెయ్యి. అయినా రాకపోతే గ్రబ్ మెనూలో ఇంగ్లీషు 'e' అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ అని చేర్చి, కంట్రోల్ ఎక్స్ కొట్టు.

ముందు ముందు మీ కోర్సులో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 వస్తుంది. అది పాత రకం సీపీయూని ఒప్పుకోదు. క్యూఈఎంయూ అనే ఇంకో వర్చువల్ మెషీన్ ప్రోగ్రామ్‌లో సీపీయూ రకాన్ని అలాగే వదిలేస్తే బూట్ మధ్యలో కెర్నల్ ప్యానిక్ అని ఆగిపోవచ్చు. సీపీయూ రకం హోస్ట్ అని మార్చితే దారికొస్తుంది. ఇది తెలియక మా జూనియర్లు ఐఎస్ఓని మళ్లీ మళ్లీ డౌన్‌లోడ్ చేసుకుని ఒక పూటంతా పోగొట్టుకున్నారు.

నీ రూమ్మేట్ "8 జీబీ ర్యామ్ చాలదు, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి ఇంకో ర్యామ్ వేయించుకో" అందని చెప్పావు. మీ అమ్మ నెల నెలా ఎలా సర్దుతోందో నాకు తెలుసు. ఇప్పుడు ఆ ఖర్చు వద్దు. బూటబుల్ మీడియం లేదన్న మాటకీ ర్యామ్‌కీ సంబంధమే లేదు. వర్చువల్ మెషీన్‌కి 4 జీబీ, రెండు సీపీయూలు ఇవ్వు. క్రోమ్ మూసేసి పని చేసుకో. అదీ బరువనిపిస్తే డెస్క్‌టాప్ వదిలేసి ఉబుంటు సర్వర్ ఎక్కించు, దానికి 2 జీబీ సరిపోతుంది. నువ్వు నేర్చుకుంటున్నది డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ని సర్వర్ల మీద నడిపించే పని) కాబట్టి నల్ల తెర మీద కమాండ్లు కొట్టడం ఎంత తొందరగా అలవాటైతే అంత మంచిది, నన్నడిగితే మొదటి నుంచీ సర్వరే పెట్టమంటాను.

ఇంకో రెండు అలవాట్లు ఈ వారమే చేసుకో. ఒక్కసారికి ఒక్కటే మార్చు. మార్చేముందు పాతది ఎలా ఉందో రాసుకో. నిన్న నువ్వు టిక్ తీసి, ర్యామ్ తగ్గించి, ఐఎస్ఓ మార్చి, అన్నీ చేసి ఒకేసారి ఆన్ చేశావు. అది లేచి ఉన్నా దేనివల్ల లేచిందో నీకు తెలిసేది కాదు. రెండోది, మొదటిసారి లాగిన్ స్క్రీన్ కనబడగానే లోపల ఏదీ ముట్టుకోకుండా షట్‌డౌన్ చేసి ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టు. తర్వాత ఏం పాడైనా అక్కడికి వెనక్కి రావచ్చు. మెషీన్ ఏం చేసిందో రాసి ఉండే లాగ్ ఫైల్ గురించి మీ మైత్రీవనం కోచింగ్ సార్ చెప్పారో లేదో. మెషీన్ పేరు మీద రైట్ క్లిక్ చేస్తే షో లాగ్ అని ఉంటుంది. కింది నుంచి పైకి చదువు. మొదట్లో అంతా గందరగోళంగా ఉంటుంది. పదిసార్లు చదివాక ఎక్కడ చూడాలో నీ కళ్లకే తెలుస్తుంది.

సాయంత్రం క్లాసు అయ్యాక వీడీఐ సైజు ఎంతో నాకు మెసేజ్ పెట్టు, తర్వాతే టిక్ దగ్గరికి వెళ్లు. ఎంత రాత్రయినా పర్వాలేదు, ఫోన్ పక్కనే పెట్టుకుంటాను. అప్పటికీ లేవకపోతే ఆదివారం లాప్‌టాప్ తీసుకుని మియాపూర్ మెట్రో ఎక్కి ఇంటికి వచ్చెయ్. భోజనం చేసి ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ