ప్రేమ జ్ఞాపకాలను చెరిపేసే చికిత్స ఉందా?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. నాలుగేళ్లు ప్రేమించిన అమ్మాయితో విడిపోయి రెండు నెలలైంది. నిద్ర లేదు, అన్నం సహించడం లేదు. ఈమధ్య ఓ సైన్స్ ఫిక్షన్ ప్రేమకథ చూశాడు. అందులో హీరో ప్రియురాలి జ్ఞాపకాలన్నీ మెషీన్‌తో తీయించుకుని మర్నాడు హాయిగా ఆఫీసుకు వెళ్తాడు. తర్వాత మళ్లీ ఆమెనే ప్రేమిస్తాడు. ‘అలాంటి ట్రీట్‌మెంట్ ఉందేమో కనుక్కో అక్కా’ అంటున్నాడు. మనుషులు నిజంగా అలా చేస్తారా? వాడికేం చెప్పాలి?
– ఓ సోదరి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: అలాంటి చికిత్స ఎక్కడా లేదమ్మా. కానీ అది కావాలనిపించడంలో వింతేమీ లేదు. బాధలో ఉన్న మనిషికి అది ఎప్పటికీ తగ్గదనిపిస్తుంది. అందుకే హీరో తీసుకున్న నిర్ణయం నమ్మేలా ఉంది.

మళ్లీ ఆమెకే దగ్గరవడం కూడా నమ్మదగినదే. జరిగిన సంగతులు గుర్తుండాలంటే మెదడులో హిప్పోకాంపస్ కావాలి. భయాలు, అలవాట్లు చాలావరకు వేరే భాగాల పని. స్విస్ పరిశోధకుడు క్లాపరేడ్ 1911లో రాసిన ఒక ఉదాహరణ ఉంది. ఆయన్ను చూసిన ప్రతిసారీ కొత్త మనిషే అనుకునే ఓ రోగికి, చెయ్యి కలుపుతూ సూదితో గుచ్చారు. తర్వాత ఆ సంగతి ఆమెకు గుర్తులేదు, చెయ్యి మాత్రం ఇవ్వలేదు. ఇష్టం కూడా అలా లోపల మిగిలి ఉండొచ్చు. అయితే గొడవలు తెచ్చిన స్వభావం కూడా మిగులుతుంది. ఎందుకు విడిపోయారన్న సంగతే పోతుంది. మీ తమ్ముడికి ఈ మాట తప్పకుండా చెప్పండి.

నమ్మలేనిది అతను మర్నాడు హాయిగా ఆఫీసుకు వెళ్లడమే. నాలుగేళ్ల ఉద్యోగం, స్నేహితులు, పండగలు అన్నిట్లోనూ ఆ అమ్మాయి ఉంది. ఆమెను మాత్రమే విడదీసి తీయడానికి జ్ఞాపకం ఒక్కచోట ఉండదు. అన్ని ఖాళీలతో నిద్రలేచినవాడు అయోమయంలో పడతాడు.

ఇంటర్నెట్‌లో వెతికితే మీ తమ్ముడికి బీపీ, గుండెదడకు వాడే ప్రొప్రనలాల్ అనే మాత్ర పేరు దొరుకుతుంది. తలచుకున్న జ్ఞాపకం కాసేపు బలహీనపడి మళ్లీ స్థిరపడుతుందని 2000లో ఎలుకలపై చేసిన ప్రయోగం చూపింది. ఆ సమయంలో ఈ మాత్ర వేస్తే బాధ తీవ్రత తగ్గుతుందా అని మనుషుల్లో పరీక్షించారు. ఫలితాలు ఒకేలా రాలేదు. జ్ఞాపకాన్ని అది చెరపదు, పైగా ఆస్తమా ఉన్నవారికి ప్రమాదం. ఆల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు కూడా సొంతంగా కొని వేసుకోనివ్వకండి, త్వరగా అలవాటవుతాయి. మద్యం తాగితే నిద్ర త్వరగా పట్టినా తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తుంది.

ఏ రాత్రి ఎంతసేపు పడుకున్నా, పొద్దున ఒకే టైముకు లేపండి. 20 నిమిషాల్లో నిద్ర పట్టకపోతే మంచం దిగి, నిద్ర వచ్చాకే మళ్లీ పడుకోవాలి. పాత ఫొటోలు డిలీట్ చేయమని పట్టుబట్టకండి, వాటిని మీ దగ్గర దాచి ఉంచండి. ‘ఆమె గురించి ఆలోచించకు’ అంటే ఆలోచనలు ఇంకా పెరుగుతాయి. దానికి బదులు సాయంత్రం 15 నిమిషాలు మనసులో ఉన్నదంతా కాగితం మీద రాయమనండి. పడుకునే ముందు మాత్రం వద్దు.

ఇక తిరిగిన చోట్లు. ఆర్కే బీచ్, కైలాసగిరి, రుషికొండ ఇలా ఒక్కొక్కటీ తప్పించుకుంటూ పోతే ఊరంతా మూసుకుపోతుంది. తక్కువ బాధపెట్టే చోటుతో మొదలుపెట్టి, పగటిపూట స్నేహితుడితో వెళ్లి, గుండెదడ తగ్గేదాకా అక్కడే ఉండాలి. అరగంటో ముప్పావుగంటో పట్టొచ్చు. దడ ఎక్కువగా ఉన్నప్పుడే వెనక్కి వచ్చేస్తే ఆ చోటంటే భయం ఇంకా బలపడుతుంది.

దిగులు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం రెండు వారాలు దాటితేనే డిప్రెషన్ ఉందేమో చూడాలి. మీ తమ్ముడికి రెండు నెలలైంది, కాబట్టి ఈ వారమే మానసిక వైద్యుడికి చూపించండి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లొచ్చు. మందులు రాస్తే గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. చాలామంది మొదటి వారంలోనే ‘పనిచేయట్లేదు’ అని మానేస్తారు, అది చూసుకోండి.

‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.